మొదటిదా, రెండోదా?

అన్నయ్య ఆఖరిసారి ఇల్లు దాటుతూ చేసిన పని, తమ్ముణ్ణి ఒక ప్రశ్న అడగడం.

గుమ్మంలో నిలబడి రెండు చేతుల్లో రెండు గొడుగులు ఎత్తిపట్టి, "ఏరా, ఏది తీసుకెళ్ళను? నల్లదా, బూడిదరంగుదా? మొదటిదా, రెండోదా?" అన్నాడు.

తమ్ముడు పేపర్లోంచి తల ఎత్తకుండానే "నల్లది" అన్నాడు.

"దివ్యం" అని, అన్నయ్య బూడిదరంగు గొడుగు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

బస్టాపులో బల్ల మీద కూర్చుని, పక్కనున్న పెద్దమనిషిని "ఈ వచ్చే బస్సు ఎక్కమంటారా, తర్వాతిదా?" అని అడిగాడట. ఆ పెద్దమనిషి కాసేపు ఆలోచించి, "ఇందులో జనం ఎక్కువ. తర్వాతిది ఎక్కండి" అన్నాడట. అన్నయ్య "దివ్యం" అన్నాడట. అని, గోడకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. తర్వాతి బస్సు వచ్చింది, వెళ్ళింది. ఎప్పటిలాగే సలహా అడిగి, మెచ్చుకుని, తన దారిన తాను వెళ్ళిపోయాడు.

అన్నయ్యకి తాగుడు లేదు, పేకాట లేదు, కోపం లేదు. ఉన్న వ్యసనమల్లా ఒక్కటే, అడగడం. ఎంత చిన్న పనైనా ఎవరో ఒకర్ని అడక్కుండా మొదలుపెట్టేవాడు కాదు. వచ్చిన జవాబు ఎలాంటిదైనా "దివ్యం" అనేవాడు. అన్నాక తనకి తోచింది చేసేవాడు. ఈ మూడు మెట్లలో ఒక్కటి కూడా ఏనాడూ దాటెయ్యలేదు.

ఇది వృత్తి అంటించిన జబ్బని వదిన అభిప్రాయం. అన్నయ్యది కళ్ళజోళ్ళ దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. ముందు గదిలో గాజు అరల నిండా ఫ్రేములు, వెనక నల్ల తెర కట్టిన చీకటి గది. ఆ గదిలో మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఇనుప ఫ్రేము తగిలించి, పెట్టెలోంచి గుండ్రటి అద్దాలు ఒక్కొక్కటే తీసి అందులో వేసి, ఎదురుగా దీపప్పెట్టె మీద వెలిగే అక్షరాలు చూపిస్తూ, "ఎందులో బాగా కనిపిస్తున్నాయి? మొదటిదా, రెండోదా?" అని అడగడం నలభై ఏళ్ళుగా ఆయన పని. రోజుకి వందసార్లు అనే మాట, సాయంత్రానికి మెట్లెక్కి ఇంట్లోకి రాకుండా ఎలా ఉంటుంది?

"పెళ్ళయిన కొత్తలో నేను అలిగి మూతి ముడుచుకుని కూర్చుంటే," అని చెప్పేది వదిన, "పక్కన చేరి, 'బతిమాలమంటావా, కాసేపు వదిలెయ్యమంటావా? మొదటిదా, రెండోదా?' అన్నారు. ఇంకెక్కడి అలక! నవ్వు ఆపుకోలేక చచ్చాను."

నాలుగు దుకాణాల అవతల సెలూన్ ఉంది. అన్నయ్య నెత్తిన ఉన్నవి లెక్కపెడితే పదకొండు వెంట్రుకలు. వాటికి పాపిడి ఎడమ పక్క తియ్యాలా, కుడి పక్క తియ్యాలా అని సెలూనాయనతో అరగంట చర్చ జరిగేది. ఆయన కూడా తక్కువవాడు కాదు. తల వెనక అద్దం పట్టి, అటు దువ్వి, ఇటు దువ్వి, రెండడుగులు వెనక్కి వేసి చూసి, "మీ మొహానికి కుడే అన్నయ్యగారూ" అని తీర్పిచ్చేవాడు. అన్నయ్య "దివ్యం" అని ఇంటికొచ్చి ఎడమకి దువ్వుకునేవాడు.

ఒకసారైతే కూడలిలో కొత్తగా చేరిన ట్రాఫిక్ కానిస్టేబుల్ని, తన వీధికి తానే దారి అడిగాడు. కానిస్టేబుల్‌కి ఆ చోటు తన చొక్కా కంటే కొత్త. అయినా ఛాతీ విరుచుకుని, "ఎడమకి తిరగండి, పెట్రోలు బంకు దాటండి, మళ్ళీ ఎడమకి" అని చేతులు ఊపుతూ చెప్పాడు. అంతా తప్పు. అతను వెనకనుంచి చూస్తున్నాడు కదా అని అన్నయ్య ఆ తప్పుదారినే పట్టి, గంటన్నర తర్వాత చెమటలు కక్కుతూ ఇంటికొచ్చాడు. వదిన నెత్తి కొట్టుకుంది. "నడక మంచిదేగా?" అని అన్నయ్య ఆవిణ్ణీ అడిగాడు.

ఇక మన తమ్ముడి సంగతి.

ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో పెద్దవాడు ప్రశ్న అయితే, చిన్నవాడు జవాబు. తమ్ముడు ఒక వారపత్రికలో పాఠకుల సందేహాల పేజీకి ఇరవై మూడేళ్ళు జవాబులు రాశాడు. సిరా మరకలు ఎలా పోతాయి, ఈత ఎలా నేర్చుకోవాలి, ఏడ్చే పసిపిల్లల్ని ఎలా ఊరుకోబెట్టాలి, భర్త కోపాన్ని ఎలా చల్లార్చాలి, దేనికైనా సిద్ధం. ఆయన ఏనాడూ మోకాలి లోతు దాటి నీళ్ళలో దిగలేదు. పెళ్ళి చేసుకోలేదు. మరక పడ్డ చొక్కాల్ని మూటగట్టి వదినకి పంపించేవాడు. అయినా జవాబు మాత్రం అంకెలు వేసి, అయిదు సూత్రాల్లో, రాతి మీద చెక్కినట్టు ఉండేది. తెలియదు అన్న మాట ఆ పేజీలో ఇరవై మూడేళ్ళలో ఒక్కసారి కూడా అచ్చుకాలేదు.

తర్వాత పత్రిక మూతపడింది. తమ్ముడు తన జవాబుల పద్దెనిమిది కట్టలూ ఒక ఆటోలో వేసుకుని వచ్చి, అన్నయ్య ఇంట్లో వెనకగదిలో మంచమెక్కాడు. మూడు నెలలు దిగలేదు. పగలంతా తను రాసిన జవాబులు తనే చదువుకుని, "ఆహా, ఎంత బాగా చెప్పాడు!" అని తల ఊపుతూ ఉండేవాడు.

వదిన గుమ్మంలోంచి టీ అందిస్తూ, "మరిదిగారికి కాళ్ళు ఉన్నట్టా, పత్రికాఫీసులో అప్పజెప్పి వచ్చినట్టా?" అనేది.

"ప్రపంచం నన్ను అడగడం మానేసింది వదినా."

"నేనడుగుతున్నాగా. స్నానం ఎప్పుడు చేస్తారు?"

దానికి మాత్రం ఇరవై మూడేళ్ళ అనుభవంలో జవాబు దొరికేది కాదు.

అలా ఉండగా ఒకనాడు పొద్దున్నే అన్నయ్య తలుపు తట్టాడు. చేతిలో ఫ్రేములు వచ్చే అట్టపెట్టె ఉంది.

"ఏరా, లేచి ఉన్నావా, పడుకున్నావా? మొదటిదా, రెండోదా?"

"పడుకున్నాను."

"దివ్యం" అని, అన్నయ్య ఆ పెట్టె తీసుకొచ్చి తమ్ముడి కడుపు మీద పెట్టాడు. లోపల గుప్పెడు గుప్పెడంత మూడు పిల్లికూనలు, ఒకదాని మీద ఒకటి పడి వణుకుతున్నాయి. కళ్ళు అప్పుడప్పుడే విచ్చుకున్నాయి. రెండు కాస్త బొద్దుగా ఉన్నాయి. మూడోది ఎండిన నిమ్మకాయకి తోక అతికించినట్టుంది.

"దొరికాయిరా. తల్లి లేదు. ఏం చేద్దాం?"

వదిన వచ్చి తొంగిచూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, ఇంతింతవా! ఏమండీ, ముందే చెబుతున్నా. నా కళ్ళముందు ఒక్కటి పోయిందంటే నేను తట్టుకోలేను. ఆ రోజే మిగతా రెండూ పశువుల డాక్టరమ్మకి అప్పజెప్పి రావాలి. ఉంటే మూడూ ఉండాలి, లేకపోతే ఏదీ వద్దు."

అన్నయ్య తమ్ముడి వైపు చూశాడు. మూడు నెలల తర్వాత ఒక మనిషి తననో సందేహం అడిగి, జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు! తమ్ముడు మంచం మీద నిటారుగా లేచి కూర్చున్నాడు.

"మూడూ బతుకుతాయి వదినా. పూచీ నాది. ఒకటి, ఆవుపాలు. రెండు, పాలకి సమానంగా నీళ్ళు. మూడు, అర చెంచా చక్కెర. ఇది నేను పత్రికలో అచ్చువేసిందే. తప్పని ఒక్కరంటే ఒక్కరు ఉత్తరం రాయలేదు."

"దివ్యం" అన్నాడు అన్నయ్య. "చెంచా పొంగుగానా, చదునుగానా?"

"చదునుగా."

"దేంతో పట్టాలి?"

తమ్ముడు తలగడ కింద వెతికి ఇంకు పోసుకునే ఫిల్లరు తీసి ఇచ్చాడు. అన్నయ్య దాన్ని వెలుతురుకి పట్టి, నీలంగా ఉన్న మొనని చాలాసేపు చూసి, "దివ్యం" అని జేబులో వేసుకున్నాడు.

పేర్లేం పెడదామని కూడా అడిగాడు. తమ్ముడు మధ్యాహ్నం వరకూ ఆలోచించి, ఒక్కొక్కటి అయిదారు అక్షరాలుండే గంభీరమైన పేర్లు మూడు కాగితం మీద రాసిచ్చాడు. అన్నయ్య వాటిని పైకి చదివి ఆనందించాడు. మర్నాటికి కూనల పేర్లు పై వరుస, మధ్య వరుస, ఆఖరి వరుస అయ్యాయి. దుకాణంలో వేలాడే అక్షరాల పటంలోవే. పై వరుస వీధి అవతలినుంచి కూడా కనిపిస్తుంది. ఆఖరి వరుస కనిపించాలంటే కళ్ళు చికిలించాలి.

కూనలకి వెచ్చగా, చీకటిగా ఉండాలి. చీకటి గదీ, దీపప్పెట్టె వేడీ దుకాణంలోనే ఉన్నాయి కనక కాపురం అక్కడే పెట్టారు. రాత్రి వంతు అన్నయ్య తీసుకున్నాడు. పగలు మాత్రం మూడు గంటలకోసారి మెట్లెక్కి వచ్చి తమ్ముణ్ణి అడిగేవాడు. "పాలు ముంజేతి మీద వేసుకుంటే వెచ్చగా తగలాలా, చల్లగానా?" "పాలు తాగాక కడుపు కింద దూదితో తుడవాలా, గుడ్డతోనా?" "సీసాలో వేణ్ణీళ్ళు పోసి పక్కన పెట్టాను. పైన ఒక మడతా, రెండు మడతలా?"

రెండు రోజులకి తమ్ముడి ఓపిక హరించుకుపోయింది. "చూడకుండా ఎలా చెప్పను అన్నయ్యా?" అని విసుక్కుంటూ చెప్పులు వెతుక్కున్నాడు. ఆ చెప్పుల్లో ఒకదాంట్లో సాలీడు గూడు పెట్టి ఉంది.

కిందికి దిగాక తెలిసింది, అన్నయ్య అడుగుతున్నది తన ఒక్కణ్ణే కాదని. లెక్కల మాస్టారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. ముక్కు మీద ఇనుప ఫ్రేము, ఒక కంటికి నల్ల బిళ్ళ.

"మొదటిదా, రెండోదా?"

"రెండోది."

"ఇప్పుడు? మొదటిదా, రెండోదా?"

"రెండోదే."

"మంచిది. కూనకి పాలు వెల్లకిలా పడుకోబెట్టి పట్టాలా, బోర్లా ఉంచి పట్టాలా? మొదటిదా, రెండోదా?"

"రెండోది" అన్నారు మాస్టారు, నిశ్చయంగా. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి వేరే మాట రాదు.

మరో నాడు ఒక బ్యాంకు గుమాస్తా పటం చదువుతూ, పై వరుస చదివాడు, మధ్య వరుస చదివాడు, కిందికొచ్చి ఆగిపోయాడు. "ఆఖరి వరుస సరిగ్గా కనిపించట్లేదండీ. ఏదో... తోకలా ఉంది." అన్నయ్య ఫ్రేములో అద్దం మార్చాడు. "ఇప్పుడింకా స్పష్టంగా ఉంది. తోకే." దీపప్పెట్టె వెచ్చగా ఉందని మధ్య వరుస కూన పాక్కుంటూ పోయి పటంలో ఆఖరి వరుసకి అడ్డంగా పడుకుంది. గుమాస్తాకి కళ్ళజోడు అక్కర్లేదని అన్నయ్య పంపించేశాడు.

మూడో వారంలో తమ్ముడు ఒక ఘోరం కనిపెట్టాడు. టార్చి వేసి చూస్తే మూడు కూనల కళ్ళూ నీలంగా, మసగ్గా ఉన్నాయి.

"అన్నయ్యా, పొర! మూడింటికీ కళ్ళలో పొర!"

వేరే ఇంట్లో అయితే కూనల కళ్ళు ఇలాగే ఉంటాయి కాబోలు అనుకునేవారు. కళ్ళజోళ్ళ ఇంట్లో అలా ఎవరనుకుంటారు? వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. అన్నయ్య టార్చి తీసుకుని మూడింటి కళ్ళూ చూశాడు.

"అవునురా. ఏం చేద్దామంటావు?"

"రోజుకి రెండుసార్లు పరీక్ష చెయ్యాలి."

"దివ్యం. నాకు తీరదు. నువ్వే చేసి రాసిపెట్టు."

తమ్ముడు చేశాడు. పొద్దునోసారి, సాయంత్రమోసారి, కూనని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి వేళ్ళు ఆడించాడు. ఎరుపు దారం ఊపాడు. ఆఖరి వరుసకి పరీక్ష ఫ్రేము పెట్టబోతే అది మొత్తం ఫ్రేములోంచి జారి అవతలికి వచ్చేసింది. ఫలితాలన్నీ నోటు పుస్తకంలో గీతలు గీసి రాశాడు. పదో రోజుకి కళ్ళు తేటపడ్డాయి. తన పర్యవేక్షణ వల్లే పొర కరిగిందని తమ్ముడు వీధి పొడుగునా చెప్పాడు. కూనల కళ్ళు ఆ వయసులో అలాగే మసగ్గా ఉండి వాటంతటవే తేటపడతాయని అతనికి తెలిసింది రెండేళ్ళ తర్వాత. అప్పటికి ఎంతమందికి చెప్పాడో గుర్తులేదు.

కళ్ళు తేటపడే నాటికి పై వరుసా మధ్య వరుసా కలిసి తెర పట్టుకుని ఊగుతున్నాయి. ఆఖరి వరుస మాత్రం రెండు చుక్కలు తాగి, మూడో చుక్కకి మొహం తిప్పేసేది.

ఒక మధ్యాహ్నం అన్నయ్య అద్దాలు తేవడానికి ఊళ్ళోకి వెళ్ళాడు. తమ్ముడొక్కడే దుకాణంలో ఉన్నాడు. పెట్టెలో చెయ్యి పెట్టేసరికి ఆఖరి వరుస చల్లగా తగిలింది. తీస్తే తల వేలాడిపోయింది. నోరు తెరుచుకుని ఉంది, అరుపు లేదు. ఊపిరి ఉందో లేదో చెవి ఆనిస్తే గానీ తెలియలేదు.

పూచీ నాది అన్నది తనే. ఇది పోతే వదిన ముందు మాట పోవడం ఒక్కటే కాదు, ఈ సాయంత్రానికి పెట్టె మొత్తం ఖాళీ అయిపోతుంది. ఏం చెయ్యాలి? పద్దెనిమిది కట్టల జవాబులున్నాయి పైన. ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. వీధిలోకి తొంగిచూస్తే డాక్టరమ్మ తలుపుకి సాయంత్రం అయిదుకి వస్తానని పలక వేలాడుతోంది. తమ్ముడు కూనని చొక్కా లోపల పెట్టుకుని, చెప్పుల్లేకుండా, జీవితంలో మొదటిసారి ఇంకొకర్ని అడగడానికి వీధిలో పరిగెత్తాడు.

సెలూన్ తలుపు తోసుకుని వెళ్ళి, "పాలు! కాసిని పాలున్నాయా? దీని నోట్లో పొయ్యాలి!" అన్నాడు.

సెలూనాయన లెక్కల మాస్టారికి గడ్డం గీస్తున్నాడు. కత్తి పక్కన పెట్టి గయ్యిమన్నాడు. "పాలు పోస్తారా? పోసి చంపేస్తారా? చల్లబడ్డ కూనకి ముందు వెచ్చదనం, తర్వాతే పాలు! ఇటివ్వండి." వేడి తువ్వాళ్ళ డబ్బా మీద పొడి తువ్వాలు పరిచి, వెచ్చబడగానే అందులో కూనని చుట్టి, మళ్ళీ తమ్ముడి గుండెకి హత్తించాడు. "అలా పట్టుకుని కూర్చోండి. రుద్దకండి. మెల్లిగా ఎక్కాలి వేడి."

"ఇవన్నీ నీకెవరు చెప్పారయ్యా?"

"నాకొకళ్ళు చెప్పడమేంటండీ! మీ అన్నయ్యగారికి నేనే చెప్పాను. 'చల్లబడితే ముందు పాలు పట్టాలా, ముందు వెచ్చబెట్టాలా? మొదటిదా, రెండోదా?' అని వారంలో నాలుగుసార్లు అడిగారు. మొదట్లో నేను మొదటిదన్నా. దివ్యం అన్నారు గానీ, మర్నాడు మళ్ళీ వచ్చి అదే అడిగారు. ఆ మర్నాడు కూడా. నాలుగోసారి రెండోదన్నా. ఇంక అడగలేదు. అప్పుడు తెలిసింది, పిల్లికూనల విషయంలో నాకింత జ్ఞానం ఉందని!"

సగం మొహం నురగతో మాస్టారు కుర్చీలోంచి వెనక్కి తిరిగారు. "లేచాక పాలు బోర్లా ఉంచే పట్టాలి. వెల్లకిలా అయితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మీ అన్నయ్యకి నేనే చెప్పాను."

పక్క మందుల షాపాయన తల లోపలికి పెట్టాడు. "ఆవుపాలు పట్టకండోయ్, కడుపు పాడవుతుంది. మీ అన్నయ్యకి నేను—"

"చెప్పే ఉంటారు" అన్నాడు తమ్ముడు.

నలుగురూ కూన చుట్టూ మూగి కూర్చున్నారు. మాస్టారి మొహం మీద నురగ ఎండిపోయింది. అరగంట దాటింది. నలభై నిమిషాలయింది. తమ్ముడి గుండె మీద ఏదో గీరినట్టయింది. తువ్వాలు మడతలోంచి ఒక చెవి కదిలింది. తర్వాత మడత కుర్చీ కిర్రుమన్నట్టు ఒక అరుపు.

"ఆకలేస్తోంది దానికి" అన్నాడు సెలూనాయన, తనే కన్నట్టు.

తమ్ముడు ఇంటికి పరిగెత్తి, "వదినా, పాలపొడి! నా పాలు కాదు, ఏదో వేరే పాలట!" అని అరిచాడు. వదిన మారుమాట లేకుండా అలమర తీసి, పిల్లిబొమ్మ ఉన్న డబ్బా, మందు ఫిల్లరు అందించింది. డబ్బా సగం ఖాళీగా ఉంది.

"ఇది ఎప్పట్నుంచి ఉంది?"

"మొదటి రోజు నుంచీ."

"మరి నేను చెప్పిన చక్కెర పాలో?"

"రోజూ మీ టీలో పోసేదాన్ని."

"అన్నయ్య దివ్యంగా ఉందన్నాడే!"

"మీ అన్నయ్య నా వంట కూడా దివ్యంగా ఉందంటారు" అంది వదిన. "ముందు దానికి పట్టండి."

పట్టాడు. బోర్లా ఉంచి, చుక్క చుక్కగా. ఆఖరి వరుస నాలుగు చుక్కలు తాగింది. అయిదో చుక్కకి ఫిల్లరు కొరికింది.

సాయంత్రం అన్నయ్య వచ్చేసరికి తమ్ముడు చీకటి గదిలో, పరీక్ష కుర్చీలో, చొక్కాలో కూనని పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. చూపులు మాత్రం కత్తుల్లా ఉన్నాయి.

"నీకన్నీ తెలుసు. అన్నీ ముందే తెలుసు. మరి నన్నెందుకు పిచ్చివాణ్ణి చేసి అడిగావు?"

"నాకేం తెలుసురా?" అన్నయ్య నిజంగా నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. "వెచ్చబెట్టమని సెలూనాయన చెప్పాడు. బోర్లా పట్టమని మాస్టారు చెప్పారు. పాలపొడి సంగతి మందుల షాపాయన చెప్పాడు."

"నేను చెప్పింది ఒక్కటీ చెయ్యలేదన్నమాట."

"అలా అనకు. కళ్ళ పరీక్ష మొత్తం నువ్వేగా చేసింది!" అని కాసేపు కూన వైపు, కాసేపు తమ్ముడి వైపు చూసి, "కోపంగా ఉన్నావా, ఆకలిగా ఉన్నావా? మొదటిదా, రెండోదా?" అన్నాడు.

తమ్ముడు బిగించుకుని కూర్చుందామని చూశాడు. ఆ కుర్చీలో అది సాధ్యం కాదు. "రెండోది" అన్నాడు.

ఆ తర్వాత తమ్ముడు మంచమెక్కింది పడుకోవడానికి మాత్రమే. కూనలకి పాలు పట్టడానికని దిగినవాడు, అవి తిండి తినే వయసొచ్చాక కూడా పైకి వెళ్ళడం మరిచిపోయి, అద్దాలు అరగదీయడం నేర్చుకున్నాడు. మొదటి నెలలో ఒకావిడకి ఎడమ అద్దం కుడివైపూ, కుడి అద్దం ఎడమవైపూ బిగించి ఇచ్చాడు. ఆవిడ మెట్లు దిగకుండా ఎక్కబోయింది. అన్నయ్య ఆ జోడు తీసి చూసి, ఆవిడతో, "ఫ్రేము మీకు నచ్చిందా, మార్చమంటారా?" అని మాట మార్చి లోపలికి పట్టుకెళ్ళాడు. వీధిలో ఎవరికి పిల్లికూన దొరికినా సెలూనాయన, మాస్టారు, మందుల షాపాయన ముగ్గురూ పోటీపడి సలహా ఇచ్చేవారు. అన్నీ సరైనవే. అన్నయ్య వాళ్ళ పక్కన నిలబడి, మొదటిసారి వింటున్నవాడిలా, "దివ్యం, దివ్యం" అనేవాడు.

ఇలా ఏడేళ్ళు గడిచాయి. తర్వాత అన్నయ్య బూడిదరంగు గొడుగు పట్టుకుని వెళ్ళిపోయాడు.

నెల తర్వాత డాక్టరమ్మ దుకాణానికొచ్చింది. ఆవిడ కళ్ళు పరీక్ష చేసింది అన్నయ్య, అద్దాలు అమర్చింది తమ్ముడు. కొత్త కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ చూసి, గాజు అర మీద ఒళ్ళు విరుచుకుంటున్న పిల్లి దగ్గర ఆగింది. ఆఖరి వరుస ఇప్పుడు వీధి అవతలినుంచి కూడా కనిపిస్తుంది.

"ఇది బతుకుతుందని నేననుకోలేదండీ."

"దీన్ని అంత చిన్నప్పుడు మీరెప్పుడు చూశారు?" అన్నాడు తమ్ముడు.

"అదేమిటి, మూడూ నా దగ్గర్నుంచేగా వచ్చాయి! మీకు చెప్పలేదా? అప్పటికే రెండేళ్ళుగా నా దగ్గరికొచ్చే తల్లిలేని కూనలన్నిటికీ పాలు పట్టేది ఆయనే. ఎన్ని బతికించారో లెక్కలేదు. ఇంటికి తీసుకెళ్తానని ఎప్పుడూ అడగలేదు. ఆ పొద్దున నేను తాళం తీస్తుండగానే వచ్చి నిలబడ్డారు. బలంగా ఉన్న రెండూ తీసుకెళ్ళండి, మూడోది కష్టం, నా దగ్గరే ఉండనివ్వండి అన్నాను. 'రెండే అయితే మా వాడు మంచం మీంచే జవాబు చెప్పేస్తాడు డాక్టరమ్మా. దీనికోసమైతే మెట్లు దిగుతాడు' అన్నారు."

తమ్ముడు అద్దాలు తుడిచే గుడ్డని నాలుగు మడతలు పెట్టాడు. విప్పాడు. మళ్ళీ పెట్టాడు. ఎలాగో నవ్వు తెచ్చుకున్నాడు.

"మొదటిదా, రెండోదా, మూడోదా అని ఆ పొద్దున మీ ప్రాణం తీసే ఉంటాడు."

"అదేనండీ నాకూ ఇప్పటికీ వింత" అంది డాక్టరమ్మ, కళ్ళజోడు సర్దుకుంటూ. "ఆ రోజు ఏమీ అడగలేదు. నేరుగా చెయ్యి పెట్టి, ముందు దాన్నే తీసుకున్నారు."